పోకర్‌లో చివర మాట్లాడేది బావే అయినప్పుడు మనం ముందు చెక్ (ఏమీ పెట్టకుండా వదిలేయడం) చేయాలా, బెట్ వేయాలా?

సైనిక్‌పురి_చిన్నోడు: ఆదివారం మా మిద్దె మీద ఉత్త చిప్స్‌తోనే ఆట, పైసల్లేవు. బ్లైండ్లు (కార్డులు చూడకముందే ఇద్దరు పెట్టాల్సినవి) 50-100. నా చేతిలో కింగ్, పది, రెండూ ఇస్పేట్. 250కి లేపా, నా ఎడం పక్కన బటన్ మీదున్న (చివర మాట్లాడే సీటు) బావ ఒక్కడే కాల్, అంటే అంతే పెట్టాడు. పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 650. ఫ్లాప్ (బోర్డు మీద మొదటి మూడు కార్డులు) ఆటీన్ కింగ్, కళావర్ 8, ఆటీన్ 3. చెక్ అన్నా, బావ 325, కాల్. టర్న్ (నాలుగో కార్డు) డైమన్ 5, చెక్, 650, కాల్. రివర్ (చివరి కార్డు) ఇస్పేట్ 2. చెక్ అన్నా, బావ 1300 తోశాడు, నేను పడేశా. బావ నవ్వుతూ ఆటీన్ ఆరు-ఏడు తిప్పి చూపించాడు. ఏమీ తగల్లేదు ఆయనకి!! ఎక్కడ తప్పు చేశా?

రాత్రిడ్యూటీ: ఫ్లాప్‌లోనే. లేపింది నువ్వు, కింగ్ తగిలింది నీకు, మళ్లీ చెక్ ఏంది భయ్యా. బోర్డు మీద రెండు ఆటీన్లున్నాయి, ఫ్రీగా కార్డు చూపిస్తావా? గోవాలో నేను ఇట్లనే ఆసు జత పెట్టుకుని చెక్ చేసి మొత్తం పోగొట్టుకున్నా, ఆ రోజు నుంచి చెక్ అన్నమాటే లేదు.

ఓల్డ్‌సిటీమామ: తెలంగాణలో 2017 నుంచి ఆన్‌లైన్‌లో పైసలాట బంద్ కదా, ఇదెందుకు పెట్టిండ్రు

కళావర్‌రాణి: మామా, మిద్దె మీద ఉత్త చిప్స్ అని మొదటి లైన్లోనే ఉంది.

రాత్రిడ్యూటీ, ఫ్రీ ఎక్కడిది? బావ తనంతట తనే 325, 650 పోశాడు కదా. చిన్నోడు బెట్ వేసుంటే ఆ ఫ్లష్ డ్రా (ఒకే గుర్తు ఐదు కార్డులకి ఒక్కటే తక్కువ) ఎలాగూ పోదు, కాల్ చేస్తాడు. పోయేది రాణి-జాకీ లాంటి చెత్త, వాటితోనే కదా బ్లఫ్ కొట్టించుకోవాల్సింది. తప్పు రివర్‌లో. పాట్ 2600, బెట్ 1300, అంటే చిన్నోడు 1300 పెట్టి 3900 కోసం ఆడుతున్నాడు, నాలుగింట ఒక్కసారి గెలిచినా చాలు. ఆటీన్లూ రాలేదు, వరస కుదిరే నాలుగో తొమ్మిదో కూడా రాలేదు, ఇంక దేనికి భయం?

రాత్రిడ్యూటీ: కాగితం మీద లెక్కలు బానే ఉంటాయి. బావ దగ్గర ఎనిమిది-మూడు ఉండి రెండు జతలైతే?

కళావర్‌రాణి: 250కి ఎనిమిది-మూడుతో ఎవడొస్తాడు??

ఓల్డ్‌సిటీమామ: 1967లో సుప్రీంకోర్టు రమ్మీ నైపుణ్యం ఆటే అంది, కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే. పోకర్ గురించి కాదు

ఇరానీచాయ్: మామని ఎవరన్నా మ్యూట్ చేయండ్రా 😂

రాత్రిడ్యూటీ: నీలాంటోళ్ల మాట విని కాల్ చేసే నేను మునిగినా. ముందు బెట్ వేస్తే అక్కడికక్కడే తేలిపోతది.

కళావర్‌రాణి: నువ్వు గోవాలో పోగొట్టుకున్నది ఈ పిల్లోడి దగ్గర వసూలు చేయకు. నీకు తొందరగా తేలిపోతే చాలు, ఎంత వచ్చింది అన్నది నీకు పట్టదు. ముందు మాట్లాడాల్సినోడికి ఓపికే పెట్టుబడి.

రాత్రిడ్యూటీ: అవును పట్టదు!! మూడు కార్డులదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు. వాడివల్ల కూడా కాలేదుగా, చివర్లో పడేశాడు.

కళావర్‌రాణి: హా, ఇది పాయింటే. చిన్నోడా, నిజం చెప్పు, అదే 1300 ఫ్రెండ్ వేస్తే?

సైనిక్‌పురి_చిన్నోడు: కాల్ చేసేవాణ్ణే అక్కా. పక్కనే మా అక్క మిర్చీలు వేయిస్తూ చూస్తోంది, బావ బ్లఫ్ అందరి ముందు పట్టుకుంటే బాగోదనిపించింది. పైగా ఆయన ప్రతిసారీ నా ఎడం పక్కనే కుర్చీ లాక్కుంటాడు, దాదాపు ప్రతి ఆటలో నేనే ముందు మాట్లాడాలి.

ఇరానీచాయ్: అల్లుడి మర్యాద పోకర్‌లో కూడానా

రాత్రిడ్యూటీ: అయితే ముందే వెళ్లి ఆయన ఎడం పక్కన కూర్చో, గోలే లేదు.

సైనిక్‌పురి_చిన్నోడు: ఇప్పుడే గ్రూప్‌లో బావ మెసేజ్: "వచ్చే ఆదివారం మా ఇంట్లో. నా కుర్చీ ఎవరూ ముట్టుకోకండి." 🙏