అప్‌డేట్: మిర్యాలగూడ ఆఫీసులో బిల్లింగ్ పేజీ తెరుచుకుంది

పోయినసారి అడిగింది ఇదీ: మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసిన సురక్షిత లింకు) మీదుగా అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) హబ్‌కు, అంటే మధ్యలో ఉండే ప్రధాన నెట్‌వర్క్‌కు, కలుస్తుంది. ట్రాఫిక్‌ను తనిఖీ చేసే ఫైర్‌వాల్ హబ్‌లో, బిల్లింగ్ సర్వర్ స్పోక్‌లో (హబ్‌కు కలిపిన విడి నెట్‌వర్క్, దాని అడ్రస్‌ల పరిధి 10.1.0.0/16). వీపీఎన్ కనెక్టెడ్ అనే చూపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు.

గేట్‌వే సబ్‌నెట్ (హబ్‌లో వీపీఎన్ వచ్చి చేరే భాగం) రూట్ టేబుల్, అంటే ఏ ట్రాఫిక్ ఎటు పోవాలో చెప్పే పట్టిక, చూడమన్న అన్నకు చాలా థ్యాంక్స్, చిక్కు అక్కడే ఉంది. స్పోక్ నుంచి 0.0.0.0/0 (అంటే అన్ని అడ్రస్‌లు) మొత్తం ఫైర్‌వాల్‌కు పంపాం, గేట్‌వే రూట్ల ప్రాపగేషన్ (గేట్‌వేకు తెలిసిన దారులు వాటంతటవే స్పోక్‌కు చేరడం) ఆఫ్. అంటే సర్వర్ జవాబులు ఫైర్‌వాల్‌కు పోతున్నాయి. ఆఫీసు నుంచి వచ్చేవేమో గేట్‌వే దాటి పీరింగ్ (హబ్‌కూ స్పోక్‌కూ మధ్య లింకు) మీదుగా నేరుగా సర్వర్‌కు. కనెక్షన్ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్ చూడని ఫైర్‌వాల్ దానికి జవాబైన సిన్-ఆక్‌ను పడేస్తోంది.

గేట్‌వే సబ్‌నెట్‌కు విడిగా రూట్ టేబుల్ పెట్టి, 10.1.0.0/16కు నెక్స్ట్ హాప్‌గా (తర్వాత చేరాల్సిన చోటు) ఫైర్‌వాల్ ప్రైవేట్ ఐపీ ఇచ్చాం. వెంటనే పేజీ వచ్చింది. 10.0.0.0/8 అని పెద్దగా రాస్తే మాత్రం లాభం లేదు. పీరింగ్ వేసే /16 రూటే చిన్న పరిధి కాబట్టి ఇంకా నిర్దిష్టం, అదే గెలుస్తుంది. ప్రిఫిక్స్ (అడ్రస్‌ల పరిధి) అచ్చంగా అదే అయితేనే మనం రాసిన రూట్ పైచేయి. ఈ టేబుల్‌లో 0.0.0.0/0 పెట్టొద్దు, ప్రాపగేషన్ ఆపొద్దు.

స్పోక్‌లో ప్రాపగేషన్ ఆన్ చేస్తే చాలని ఒకరు చెప్పారు. పేజీ తెరుచుకునేదే, కానీ రెండు వైపుల ట్రాఫిక్కూ ఫైర్‌వాల్‌ను తప్పించుకుపోయేది. వడ్లు అమ్మిన రైతుల బ్యాంకు ఖాతా నంబర్లున్న సర్వర్ అది, అలా వదిలేయలేం. ఇప్పుడు ఆఫీసు సబ్‌నెట్ నుంచి 443 పోర్టు (హెచ్‌టీటీపీఎస్ వెబ్ పేజీలది) ఒక్కటే తెరిచి ఉంచాం. నల్లగొండ బ్రాంచి స్పోక్ కూడా ఇలాగే కలుపుతాం.