ఫోన్ చేతిలో ఉండగా రోజువారీ బతుకును రీలు మీద తీయడం ఎందుకు?

ఖిల్లా తోరణం:
మొన్న ఇక్కడ నా ఫోటోలు కొన్ని పెట్టాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసే హమాలీలు, కాజీపేట ప్లాట్‌ఫాం మీద పడుకున్న కుటుంబం, భద్రకాళి చెరువు గట్టున పల్లీలు అమ్మే అవ్వ. అన్నీ పాత కెమెరాలో, 36 ఫోటోల బ్లాక్ అండ్ వైట్ రీలు మీద తీసినవే (ఇన్‌స్టా రీల్ కాదు, కెమెరా రీలు). "ఫోన్‌లో రెండు నిమిషాల పనికి ఇంత డబ్బు తగలేయాలా?" అని ఒకరు అడిగారు. ఆ మాట మీదే ఈ చర్చ.

రీలు ఓపిక నేర్పుతుందని నేను అనను. ఓపిక ఉన్నవాళ్లు ఫోన్‌తో కూడా ఓపిగ్గానే తీస్తారు. నా కారణం వేరు. నా ఫోన్‌లో వేల ఫోటోలున్నాయి, ఒక్కటీ కాగితం మీదికి రాలేదు. రీలు మాత్రం కడిగాక ప్రింటు వేయకుండా ఉండలేను. పల్లీల అవ్వ ఫోటో తీసిన మూడు వారాలకు ప్రింటు పట్టుకుని వెళ్లాను. కొంగుకు చేతులు తుడుచుకుని తీసుకుంది. తన ముఖం కాదు, ముందు తక్కెడ చూసింది. పళ్లెం అంచున సొట్ట మీద వేలు పెట్టి, "ఇది మా అత్త ఇచ్చింది బిడ్డా" అంది. ఆ సొట్ట ఫోటో తీసినప్పుడు నేను చూడనే లేదు.

యార్డు గుమస్తా:
అన్నా, ఆ హమాలీలను నేను రోజూ చూస్తాను. మీరు తీసిన రోజు అక్కడే ఉన్నాను. బస్తా దించి "ఏది, సూపియ్యి" అని అడిగాడు వాళ్లలో ఒకాయన. రీలు కడిగితేగానీ కనపడదని మీరు చెప్పారు. ఆయన నమ్మలేదు. ఫోన్ అయితే అప్పుడే చూసేవాడు, నచ్చకపోతే తీసేయమనేవాడు, నచ్చితే ఇంటికి వాట్సాప్ చేయించుకునేవాడు. రీలు మీద అయితే ఏది ఉంచాలో, ఏది పోవాలో మీరొక్కరే తేలుస్తారు. తీయించుకున్నవాడికి ఏ హక్కూ లేదు.

ఇంకో మాట. మిర్చిలో ఎరుపు తీసేస్తే ఏం మిగులుతుంది? 2025లో మన చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. కారం తక్కువ, ఆ రంగు కోసమే కొంటారు దాన్ని. మీ ఫోటోలో ఆ రాశి తవుడు కుప్పలా ఉంది. రోజువారీ బతుకు అంటున్నారు కదా, మా బతుకు ఎర్రగా ఉంటుంది.

కాజీపేట కోడలు:
ప్లాట్‌ఫాం మీద నిద్రపోతున్న వాళ్లను అడిగి తీశారా? రీలా, ఫోనా అన్నది తర్వాతి సంగతి. నేనూ చంటిపిల్లతో అట్లాగే అక్కడ పడుకున్నదాన్ని.

ఖిల్లా తోరణం:
అడగలేదు అక్కా. ఆ ఫోటో ఇప్పుడే తీసేశాను.

గుమస్తా గారూ, ఎరుపు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కలర్ రీలుకు రసాయనం 38 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి, ఇంట్లో నాకు కుదరదు. హైదరాబాద్‌కు కొరియర్ చేస్తే రీలు, కడగడం, స్కాన్ అన్నీ కలిపి ఫోటోకు 40 రూపాయల దాకా పడుతోంది. బ్లాక్ అండ్ వైట్ ఇంట్లోనే కడుక్కుంటాను. దానికి 20 డిగ్రీలు కావాలి, మే నెలలో మన ట్యాంకు నీళ్లు చేయి కాలేలా వస్తాయి. పోయిన ఎండాకాలం ఐసు చాలక డెవలపర్ (రీలు మీద బొమ్మ తేల్చే రసాయనం) వేడెక్కింది, నెగిటివ్ ముదిరిపోయింది. మా మేనమామ కొత్త ట్రాక్టరుకు పూజ చేసిన ఫోటోల్లో ముఖాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు, నా దగ్గర జవాబు లేదు.

నెగిటివ్ డబ్బా:
హనుమకొండలో చాలా ఏళ్లు స్టూడియో నడిపాను. ఊటీలో తయారైన ఇందు ఫిల్ము కూడా వాడాం. తమ్మీ, రీలు నిలుస్తుందనేది సగమే నిజం. హైపో (బొమ్మ చెరిగిపోకుండా నిలిపే రసాయనం) పోయేదాకా నీళ్లలో కడగకపోతే పసుపు మరకలొస్తాయి. వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. అప్పటి కలర్ ప్రింట్లు చాలావరకు వెలిసిపోయాయి. కానీ "మా అమ్మ నెగిటివ్ ఉందా" అని ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తారు. కవరు మీద నంబరు చూసి తీసిస్తాను. మొదట్లో డిజిటల్‌లో తీసి సీడీలో ఇచ్చిన పెళ్లిళ్లు అడిగితే మాత్రం తల దించుకోవాల్సి వస్తోంది, చాలా సీడీలు తెరుచుకోవడం లేదు.

మన వరంగల్‌లో పుట్టిన ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ గారు 2022 జనవరిలో పోయారు. బతుకమ్మను, పల్లె మనుషులను దశాబ్దాల పాటు తీశారు. మొదలుపెట్టిన రోజుల్లో ఆయనకు రీలు తప్ప వేరే దారి లేదు. ఆయనను తలుచుకునేది తీసిన మనుషుల కోసం. కెమెరా ఏదని ఎవరూ అడగరు.

యార్డు గుమస్తా:
బాపూ, మీ మాటతో సగం దిగొచ్చాను. అయితే ఒక పని చేయొచ్చు కదా. ముందు ఫోన్‌తో ఒకటి తీసి చూపించి, ఒప్పుకున్నాక రీలు మీద తీయండి.

ఖిల్లా తోరణం:
ప్రయత్నించాను. ఫోన్‌లో చూసుకున్నాక రుమాలు సర్దుకుంటారు, బస్తా దించేసి నిలబడతారు. నేను తీయాలనుకున్న పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే ముందు తీసి, ప్రింటు తెచ్చి ఇచ్చాకే బయట పెట్టాలనుకుంటున్నాను, వద్దంటే నెగిటివ్ కూడా వాళ్లకే ఇచ్చేస్తాను. హమాలీ ఫోటో ఆ పని చేయకుండానే ఇక్కడ పెట్టాను, తప్పే. ఆయన ఎక్కడ దొరుకుతాడు?

యార్డు గుమస్తా:
సోమవారం పొద్దున ఆరు లోపు రండి, నేను చూపిస్తాను. ప్రింట్లు రెండు తెండి. వెనక బస్తా పట్టుకున్నది ఆయన తమ్ముడు.