టమాటా మడిలో పశువుల ఎరువు, జీవన ఎరువులు, యూరియా: మూడూ కలిపి వాడవచ్చా?

మదనపల్లె రైతు:
మా ఎర్ర నేలలో ఎకరం టమాటా వేయబోతున్నాను. పశువుల ఎరువుతోపాటు అజోస్పిరిల్లం, ఫాస్ఫోబాక్టీరియా అనే జీవన ఎరువులను (నేలకు మేలు చేసే బాక్టీరియాను) దుక్కిలో వేసి, తర్వాత పైపాటుగా యూరియా ఇవ్వాలని ఉంది. యూరియా పడితే జీవాణువులు బతకవని పక్క పొలం పెద్దాయన గట్టిగా అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ప్రకృతి సేద్యం రైతు:
పెద్దాయన మాటే సరైనది. యూరియా చేతిలో ఉన్నంతకాలం మనం నేలను పట్టించుకోము. ఆకు కాస్త పాలిపోగానే మరో బస్తా వేస్తాము, లేతగా ఏపుగా పెరిగిన మొక్క మీద తెల్లదోమ వాలుతుంది, దాని వెంట ఆకుముడత వైరస్ వస్తుంది. నేను ఐదేళ్లుగా రసాయన ఎరువు ముట్టలేదు.

ఉద్యాన పట్టభద్రురాలు:
పెద్దాయన భయానికి ఆధారం ఉంది కానీ, దానినుంచి ఆయన తీసిన నిర్ణయంతో నేను ఏకీభవించను. యూరియాను, జీవన ఎరువును ఒకే తట్టలో కలిపి చల్లితే ఆ లవణ గాఢతకు జీవాణువులు నిలవవు. పైగా నేలలో నత్రజని పుష్కలంగా ఉంటే అజోస్పిరిల్లం గాలిలోని నత్రజనిని స్థిరీకరించే పనిని తగ్గించుకుంటుంది. కాబట్టి జీవన ఎరువును బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి ఆఖరి దుక్కిలో, తేమ ఉన్న నేలలో వేసి, నారు వేరు పట్టాక, కనీసం వారం పది రోజుల ఎడంతో యూరియాను కొద్దికొద్దిగా ఇవ్వాలి.

ఇక లెక్క చూడండి. పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, అంటే 10 టన్నుల్లో 50 కిలోలు. అందులో మొదటి పంటకు అందేది మూడో వంతు, దాదాపు 17 కిలోలు. ఎకరాకు 60 కిలోలు కావాలనుకుంటే ఇంకా 43 కిలోలు తక్కువ. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు కనుక, రెండు బస్తాలతో ఆ లోటు దాదాపు తీరుతుంది. అజోస్పిరిల్లం ఒక్కటే దాన్ని పూడ్చలేదు. ఫాస్ఫోబాక్టీరియా కూడా కొత్త భాస్వరాన్ని పుట్టించదు, నేలలో బిగుసుకుపోయిన దానిని కరిగించి వేళ్లకు అందిస్తుంది. ఏటేటా డీఏపీ (భాస్వరం ఎక్కువగా ఉండే రసాయన ఎరువు) వేసిన మడి అయితే భూసార పరీక్ష చేయించి డీఏపీ తగ్గించడంలోనే అసలు ఆదా ఉంది. అయితే తగ్గించడం వేరు, ఒక్కసారిగా మానేయడం వేరు: 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, ఆ ఏడాదిలోనే వెనక్కి తగ్గవలసి వచ్చింది.

ప్రకృతి సేద్యం రైతు:
శ్రీలంక ఉదాహరణ ఆదరాబాదరా నిర్ణయానికి చెల్లుతుంది, ఏడాదికి కొంత చొప్పున మానిన రైతుకు చెల్లదు. అయితే మొదటి మూడేళ్లు నాకు దిగుబడి తగ్గిన మాట నిజమే, అప్పు లేదు కాబట్టి తట్టుకున్నాను. మీ లెక్కలో నాకు కనిపించే ఇబ్బంది వేరు: ట్రాక్టర్లు వచ్చాక పశువులు తగ్గిన ఊళ్లో 10 టన్నుల ఎరువు ఎక్కడ దొరుకుతుంది?

ఉద్యాన పట్టభద్రురాలు:
ఆ ప్రశ్న న్యాయమైనది. దొరికిన నాలుగైదు టన్నులను మడంతా చల్లకుండా సాళ్లలోనే వేయాలి, ముందుగా జనుము గానీ జీలుగ గానీ పెంచి పూత దశలో కలియదున్నాలి. గడ్డి ఎక్కువగా ఉన్న, చివకని ఎరువును మాత్రం తొందరపడి వేయకండి. అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుని మొక్కను పస్తు పెడతాయి.

మదనపల్లె రైతు:
అయితే అర ఎకరంలో మీ పద్ధతి, మిగతా అర ఎకరంలో యూరియా లేకుండా వేసి, ప్రతి కోతకూ క్రేట్ల లెక్క, ఖర్చు విడివిడిగా రాసి ఇక్కడ పెడతాను.