40 పడకల హాస్పిటల్‌కి ఆటోమేషన్ అట, ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలి?

పల్నాటి_కౌంటర్:

అందరికీ నమస్కారం అండి. మాది పల్నాడు వైపు ఒక టౌన్, 40 పడకల హాస్పిటల్. డాక్టర్ గారు మా మావయ్యే, నేను బీకామ్ చేసి ఖాళీగా ఉన్నానని మూడేళ్ళ కింద కౌంటర్‌లో కూర్చోబెట్టారు, ఇప్పుడు పేరుకి మేనేజర్ని, జనరేటర్‌లో డీజిల్ పోయించడం దగ్గర్నుంచి అన్నీ నా పనే. పోయిన నెల మావయ్య హైదరాబాద్‌లో ఏదో కాన్ఫరెన్స్‌కి వెళ్ళొచ్చి "మనం కూడా ఆటోమేషన్ పెట్టేద్దాంరా" అన్నారు, అంతే, వారం తిరక్కుండా రెండు కంపెనీల వాళ్ళు ల్యాప్‌టాప్‌లతో దిగిపోయారు. ఒకాయన డెమోలో మిషనే ఫోన్ ఎత్తి తెలుగులో అపాయింట్‌మెంట్ ఇచ్చేస్తుంది, డాక్టర్ మాట్లాడుతుంటే కేస్ షీట్ కూడా అదే రాసేసుకుంటుంది. బానే ఉంది కానీ ఆ మిషన్ తెలుగు రేడియోలో వార్తలు చదివినట్టుంది, మా వాళ్ళు ఫోన్ చేసి "డాట్టరుగారున్నారా?" అని అడిగి పెట్టేసే రకం, దానికి అది "దయచేసి మీ వయసు తెలుపగలరు" అంటే ఏమవుద్దో మీరే చెప్పండి.

మా దగ్గర పరిస్థితి ఇది. ఓపీ రోజుకి 120 నుంచి 150. సోమవారం అయితే పొద్దున 7 కే లైన్‌లో చెప్పులు, వాటర్ బాటిళ్ళు ఉంటాయి, మనుషులు టీ కొట్టు దగ్గర ఉంటారు. పాత కేస్ షీట్ కావాలంటే బీరువాలో వెతకాలి, నంబర్ చీటీ ఎవరూ తీసుకురారు, "పోయిన సంక్రాంతికి ముందొచ్చామయ్యా" అంటారు. ల్యాబ్‌లో రిపోర్ట్ చేత్తో టైప్ చేస్తాం. వైద్యసేవ (ప్రభుత్వ ఉచిత వైద్యం స్కీమ్) కేసులకి ప్రీఆథ్ (ముందస్తు అనుమతి), ఫోటోలు, నోట్స్ అప్‌లోడ్ చెయ్యడానికి ఒక అబ్బాయి రోజంతా స్కానర్ ముందే. స్కానింగ్ రూమ్‌లో గర్భిణుల వివరాలు రాసే ఫారం ఎఫ్‌లు నెలనెలా 5వ తేదీలోపు పంపాలి, పుట్టిన పిల్లల వివరాలు 21 రోజుల్లో ఎక్కించాలి, అదొక గోల. అన్నిటికంటే నరకం డిశ్చార్జ్. పొద్దున 10 కి రౌండ్స్‌లో "ఇంటికెళ్ళిపోవచ్చమ్మా" అని సార్ అంటారు, ఆటో ఎక్కేసరికి సాయంత్రం 4. మధ్యలో ఆరు గంటలు పేషెంట్ తాలూకు వాళ్ళు నా కౌంటర్ చుట్టూనే.

కంపెనీ వాళ్ళు అన్నీ కలిపి ఒకేసారి తీసుకోమంటున్నారు, పాత కేస్ షీట్లన్నీ స్కాన్ చేసి పెడతాం దానికి వేరే రేటు అంటున్నారు. మావయ్య సంతకం పెట్టేసేలా ఉన్నారు. ముందు ఏది చెయ్యాలి, ఏది చెయ్యకూడదు, చేసిన వాళ్ళెవరైనా చెప్పండి ప్లీజ్.


సర్వర్_రూమ్_శాస్త్రి:

బ్రో సంతకం ఆపు ముందు. నేను పదకొండేళ్ళుగా హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లు ఇన్‌స్టాల్ చేస్తున్నా, అమ్మేవాళ్ళ పక్కనుంచే చెప్తున్నా. డెమోలో ఫోన్ ఎత్తే మిషన్, కేస్ షీట్ రాసే మిషన్ ఎందుకు చూపిస్తారంటే అవి డాక్టర్ గారికి నచ్చుతాయి, చెక్ మీద సంతకం పెట్టేది ఆయన కాబట్టి. నీ ఆరు గంటలు పోయేది అక్కడ కాదు.

ఒక్క పని చెయ్, రూపాయి ఖర్చు లేదు. రేపు ఒక డిశ్చార్జ్ పేషెంట్‌ని పట్టుకుని ఆ కాగితం వెనకాలే నువ్వు తిరుగు. రౌండ్స్‌లో సార్ చెప్పిన నిమిషం నుంచి ఆటో ఎక్కేదాకా, ఆ ఫైల్ ఏ టేబుల్ మీద ఎంతసేపు పడుకుందో వాచీ చూసి రాసుకో. ఇంకోటి, ఆ పేషెంట్ పేరు, వయసు, ఊరు అడ్మిషన్ నుంచి అప్పటిదాకా ఎన్ని చోట్ల చేత్తో రాశారో లెక్కపెట్టు. ఓపీ చీటీ, ఐపీ (పడకల్లో చేరినవాళ్ళ) రిజిస్టర్, కేస్ షీట్ అట్ట, ల్యాబ్ స్లిప్, ఫార్మసీ ఇండెంట్, బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ... నేను చూసిన చిన్న హాస్పిటల్స్‌లో పదికి తక్కువ రాలేదు. ఒకసారి కొట్టిన పేరు మిగతా అన్ని చోట్లకి దానంతటదే వెళ్తే నీకు సగం ఆటోమేషన్ అయిపోయినట్టే, ఏఐ గీఐ ఏం అక్కర్లేదు.

నా పందెం ఏంటంటే నీ డిశ్చార్జ్ ఆగేది ఫార్మసీ రిటర్న్స్ దగ్గర. వార్డ్‌లో మిగిలిన ఇంజెక్షన్లు, సెలైన్లు వెనక్కి వెళ్ళి, వాళ్ళు లెక్క చూసి బిల్లులో తగ్గించేదాకా ఫైనల్ బిల్లు రాదు. ఇన్సూరెన్స్ కేసులకి ఇది ఇంకా దెబ్బ. 2024 మేలో ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది కదా, క్యాష్‌లెస్ (పేషెంట్ కట్టకుండా కంపెనీయే నేరుగా కట్టడం) అడిగితే గంటలో చెప్పాలి, డిశ్చార్జ్ అప్పుడు ఫైనల్ అప్రూవల్ 3 గంటల్లో ఇవ్వాలి అని. జనం ఆ 3 గంటలు డాక్టర్ గారు "వెళ్ళిపోవచ్చు" అన్నప్పట్నుంచి అనుకుంటారు, కాదు, మనం రిక్వెస్ట్ పంపినప్పట్నుంచి. మన బిల్లే మధ్యాహ్నం 1 కి తయారైతే వాళ్ళ మీద అరిచి లాభం లేదు.

పాత కేస్ షీట్లన్నీ స్కాన్ చేయించడం మాత్రం శుద్ధ దండగ. అందులో సగం మంది మళ్ళీ మీ గుమ్మం ఎక్కరు. వచ్చినవాళ్ళది వచ్చిన రోజు స్కాన్ చేసుకో, చాలు. ఐపీ రికార్డులు కనీసం 3 ఏళ్ళు ఉంచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, ఆ రూల్ 2002 నుంచీ ఉంది, కాబట్టి రీసెంట్‌వి అయినా వరసగా పెట్టుకో. పోలీస్ కేసులవి మాత్రం పారెయ్యకు.


ట్యూబు_స్టిక్కరు:

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని అండి, గుంటూరు. శాస్త్రి గారు చెప్పింది కరెక్టే కానీ నన్నడిగితే ల్యాబ్ ముందు. డిశ్చార్జ్ లేటైతే తిడతారు, ల్యాబ్‌లో పేరు మారితే ప్రాణం మీదకొస్తుంది. నేను ఇంతకుముందు చేసిన చోట ఒకే రోజు ముగ్గురు నాగమణులు, ఇద్దరికి ఇంటిపేరు కూడా ఒకటే, ట్యూబ్ మీద పెన్నుతో "నాగమణి 45" అని రాసి పంపారు. అదృష్టం బావుండి ఒకావిడ షుగర్ పేషెంట్ కాదని సిస్టర్‌కి గుర్తుంది కాబట్టి రిపోర్ట్ ఆపారు. ఇంకోసారి క్రియాటినిన్ (కిడ్నీ టెస్ట్) 1.2 ని నేనే 12 అని కొట్టాను, దాచుకోవడం ఎందుకు, రాత్రి డ్యూటీ, 2 అయ్యింది టైమ్. డాక్టర్ ఫోన్ చేసి "డయాలసిస్‌కి పంపమంటావా ఏంటి" అన్నారు, ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది.

కాబట్టి రెండు పనులు. బార్‌కోడ్ స్టిక్కర్ ఒకటి, మిషన్‌ని కంప్యూటర్‌కి కలపడం ఒకటి. మీ సీబీసీ (రక్తకణాల లెక్క) మిషన్, బయోకెమిస్ట్రీ మిషన్ వెనక చూడండి, పాత సీరియల్ పోర్టో నెట్‌వర్క్ పోర్టో ఉంటుంది, అందులోంచి రిజల్ట్ నేరుగా రిపోర్ట్‌లోకి వచ్చేస్తుంది, చేత్తో కొట్టే పనే లేదు. కంపెనీ వాడిని "మా మోడల్‌కి కలిపావా, కలిపిన ల్యాబ్ చూపించు" అని అడగండి, కలుపుతాం సార్ అనే మాట నమ్మకండి. స్టిక్కర్ విషయంలో ఒక్క జాగ్రత్త, పొద్దున్నే పది ట్యూబులకి స్టిక్కర్లు అంటించి ట్రేలో పెట్టుకుని వార్డ్‌కి వెళ్తారు చూడండి, అది చేస్తే బార్‌కోడ్ పెట్టి కూడా తప్పే. మంచం పక్కన నిలబడి, పేరు అడిగి, రక్తం తీసి, అప్పుడు అక్కడే అంటించాలి. తప్పు ట్యూబ్‌కి కరెక్ట్ బార్‌కోడ్ ఉంటే మిషన్‌కి ఏం తెలుస్తుంది పాపం, ఆ తప్పుని ఇంకా స్పీడ్‌గా డాక్టర్ ఫోన్‌కి పంపిస్తుంది.

తెలంగాణలో 2018 లో డయాగ్నస్టిక్స్ హబ్ పెట్టారు కదా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం అనే సర్కారు సంస్థలో, ఎక్కడో బస్తీ దవాఖానాలో తీసిన రక్తం అక్కడికి వెళ్ళి రిపోర్ట్ వెనక్కి రావాలి. అంత దూరం తిరిగే ట్యూబుకి పెన్ను రాత సరిపోదు కదా. మీది ఒకటే బిల్డింగ్, మీకు ఇంకా ఈజీ.


నైట్‌డ్యూటీ_అక్క:

ఇంతమంది చెప్పిన్రు గాని సిస్టర్లని అడుగు తమ్ముడూ అని ఒక్కరన్నా అన్నరా? నేను స్టాఫ్ నర్స్‌ని, కరీంనగర్ మాది, ఇప్పుడు హైదరాబాద్‌ల పెద్ద హాస్పిటల్‌ల చేస్తున్న. మా దగ్గర ట్యాబ్‌లు ఇచ్చిన్రు, బీపీ, టెంపరేచర్, పల్స్ అన్నీ అండ్ల ఎక్కియ్యాలె. మంచిగనే ఉంది, గాని పాత రిజిస్టర్ తీసెయ్యలే. ఇన్‌స్పెక్షన్‌కి ఎవరన్న వస్తే కాగితం అడుగుతరని రిజిస్టర్ల గూడ రాయాలె. అంటే ముందు ఒకసారి రాసేటోళ్ళం ఇప్పుడు రెండుసార్లు రాస్తున్నం, గిది ఆటోమేషన్ అట. నువ్వు ఏది పెట్టినా సరే, పెట్టిన రోజే ఏ రిజిస్టర్ బంద్ చేస్తున్నవో చెప్పు. బంద్ చేసే రిజిస్టర్ ఏం లేదంటే అది కొనకు.

మానిటర్ల అలారం సంగతి గూడ చెప్తా. ప్రతి దానికి మోగేటట్టు పెట్టిన్రనుకో, పేషెంట్ దగ్గితే గూడ మోగుతది, వారం రోజులకి ఎవ్వరి చెవికి ఎక్కదు. ఏది మోగాలె ఏది వద్దు అని డాక్టర్, సిస్టర్ కూసొని సెట్ చేసుకోవాలె.

నాకు నిజంగ పనికొచ్చింది ఒక్కటి, ఫ్రిజ్‌ల పెట్టిన చిన్న టెంపరేచర్ డబ్బా. వ్యాక్సిన్లు, ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యల ఉండాలె కదా, ముందైతే షిఫ్ట్‌కోసారి చూసి చార్ట్‌ల రాసేటోళ్ళం, నిజం చెప్పాల్నంటే కొందరు చూడకుండనే 4 అని రాసేటోళ్ళు. ఇప్పుడు దాటితే సూపర్‌వైజర్ ఫోన్‌కి మెసేజ్ పోతది. సర్కారు వ్యాక్సిన్ స్టోర్లల్ల ఈవిన్ అని ఎప్పట్నుంచో ఉన్నది గిసొంటిదే. మీ దిక్కు కరెంట్ పోతే జనరేటర్ నువ్వే చూస్తా అన్నవ్ కదా, నువ్వు ఆ డబ్బానే ఫస్ట్ పెట్టుకో.


మందులకొట్టు_బాబాయ్:

ఫార్మసీ గురించి శాస్త్రి గారు పందెం కాశారు కాబట్టి మా తరఫున నేను మాట్లాడాలి. రిటర్న్స్ లేటు మా తప్పు కాదు నాయనా, వార్డ్ వాళ్ళు అన్నీ పోగేసి ఆఖరి రోజు ఒక కవర్‌లో పంపిస్తారు, అందులో బ్యాచ్ నంబర్ చెరిగిపోయిన స్ట్రిప్‌లు, సగం కోసినవి. రోజుకోసారి వెనక్కి పంపితే ఐదు నిమిషాల పని.

సాఫ్ట్‌వేర్ మాత్రం ఫార్మసీలో పెట్టిన డబ్బు వృథా పోదు. ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు అమ్మేలా అదే చూపిస్తుంది, మూడు నెలల ముందు చెప్తే స్టాకిస్ట్‌కి వెనక్కి ఇచ్చుకోవచ్చు. షెడ్యూల్ హెచ్1 మందులకి (కొన్ని యాంటీబయాటిక్స్, నిద్రమాత్రల లాంటివి) వేరే రిజిస్టర్, డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చాం, 2014 మార్చి నుంచి రాస్తున్నాం, 3 ఏళ్ళు దాచాలి, అది బిల్లు కొడుతుంటేనే తయారైపోతే మా చెయ్యి బతుకుతుంది. 2025 సెప్టెంబర్ 22 న జీఎస్టీ మారింది గుర్తుందా, చాలా మందులు 12 శాతం నుంచి 5 కి వచ్చాయి, సాఫ్ట్‌వేర్ ఉన్న వాడు అప్‌డేట్ కొట్టుకుని పడుకున్నాడు, మా వీధిలో చేత్తో బిల్లు రాసే ఆయన మాత్రం కాలిక్యులేటర్ పెట్టుకుని పదకొండింటిదాకా కొట్లోనే.


కాగితమే_ముద్దు:

నన్ను తిట్టుకున్నా పర్లేదు, ఒక మాట. 2022 నవంబర్ 23 న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు హ్యాకర్లు లాక్ చేస్తే ఓపీ, ల్యాబ్, బిల్లింగ్ అన్నీ రెండు వారాల దాకా చేత్తోనే నడిపారు. ఎయిమ్స్‌కి కాబట్టి నడిచింది. నీ దగ్గర సర్వర్ ఎక్కడుంది, రిసెప్షన్ టేబుల్ కింద చెప్పుల పక్కనే కదా? బ్యాకప్ రోజూ వేరే డిస్క్‌లోకి తీసి ఆ డిస్క్ పీకి ఇంటికి పట్టుకెళ్ళు. నెలకోసారి దాంట్లోంచి నిజంగా డేటా తిరిగొస్తుందో లేదో చూడు. ఖాళీ కేస్ షీట్లు, చీటీ పుస్తకాలు ఒక కట్ట ఎప్పుడూ ఉంచు.

వాట్సాప్‌లో రిపోర్ట్‌లు ఆటోమేటిక్‌గా పంపడం కూడా ఆలోచించి చెయ్. ఊళ్ళో నంబర్ అంటే పక్కింటాయనదో, ఆర్‌ఎంపీదో ఇస్తారు. మాకు తెలిసిన ఒకమ్మాయి ప్రెగ్నెన్సీ రిపోర్ట్ అలా బాబాయ్ గారి ఫోన్‌కి వెళ్ళింది, పెళ్ళి కాని పిల్ల. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను. నంబర్ ఎవరిది అని అడిగి, ఓటీపీ కొట్టించుకుని మరీ పెట్టుకో.


పల్నాటి_కౌంటర్:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, నాలుగు రోజులు రాలేకపోయాను. శాస్త్రి అన్నా చెప్పినట్టు ఒక డిశ్చార్జ్ వెనకాల తిరిగాను, మా సిస్టర్లు నాకేదో పిచ్చి పట్టిందనుకున్నారు. అపెండిక్స్ కేసు. సార్ 10:05 కి చెప్పారు. 10:05 నుంచి 11:40 దాకా ఫైల్ నర్సింగ్ స్టేషన్‌లోనే ఉంది, ఎందుకంటే సమ్మరీ టైప్ చేసే అబ్బాయి వైద్యసేవ అప్‌లోడ్‌లో ఉన్నాడు. 11:40 కి ఫార్మసీకి కవర్ వెళ్ళింది, కిటికీ మేకుకి తగిలించి ఉంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక 2:30 కి విప్పారు. బాబాయ్ గారూ, మీరు చెప్పిన కవరే, సగం కోసిన స్ట్రిప్‌లతో సహా. బిల్లు 3:10, బయటికెళ్ళింది 3:45. అన్నీ కలిపితే నిజంగా పని చేసిన టైమ్ 50 నిమిషాలు కూడా లేదు. పేరు రాసింది 13 చోట్ల, ఒక చోట వయసు 24, ఇంకోచోట 42.

నిన్నట్నుంచి సాఫ్ట్‌వేర్ ఏం లేకుండానే ఒకటి మొదలెట్టాం. సాయంత్రం రౌండ్స్‌లో సార్ "రేపు పంపించొచ్చు" అన్నవాళ్ళ పేర్లు బోర్డ్ మీద రాస్తున్నాం, రాత్రి సిస్టర్ రిటర్న్స్ అప్పుడే పంపేస్తుంది, సమ్మరీ సగం రాత్రే కొట్టేస్తున్నాం. ఇవాళ ముగ్గురిలో ఇద్దరు భోజనం టైమ్‌కి ముందే వెళ్ళిపోయారు, మూడో ఆయనకి పొద్దున జ్వరమొచ్చి ఆగాడు. మావయ్య "ఇదేం ఆటోమేషన్‌రా, బోర్డ్ మీద చాక్‌పీసు" అని నవ్వారు కానీ సంతకం మాత్రం ఆపారు. ల్యాబ్‌కీ, ఫార్మసీకీ విడిగా రేటు అడిగాను, ఫోన్ మిషన్ వద్దన్నాను, వాళ్ళకి కోపం వచ్చింది.

అక్కా, ఆ ఫ్రిజ్ డబ్బా గురించి ఒక డౌట్. రాత్రి కరెంట్, నెట్ రెండూ పోతే మెసేజ్ ఎలా వస్తుంది? మా దగ్గర రెండూ కలిసే పోతాయి.


నైట్‌డ్యూటీ_అక్క:

సిమ్ ఉన్నది తీసుకో తమ్ముడూ, లోపల బ్యాటరీ ఉన్నది. వైఫై మోడల్ కొన్నవంటే మీ దిక్కు పనికిరాదు. మెసేజ్ నీ ఒక్కనికే గాదు, ఇంకొకరికి గూడ పెట్టు, నువ్వు పడుకుంటవ్ కదా.