"అనుమానాస్పదంగా": అనుమానం ఎవరిది?

పోలీసు శిక్షణ పాఠం ఒకటి తెలుగులోకి తెస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను: ఎక్స్‌ప్లిసిట్ బయాస్, ఇంప్లిసిట్ బయాస్. మొదటిదానికి ఇబ్బంది లేదు. "ఆ జనాన్ని నమ్మలేం" అని పైకే అనేవాళ్లది బాహాటమైన పక్షపాతం. రెండోది తనకే తెలియకుండా మనసులో ఉండేది. దాన్ని "అవ్యక్త పక్షపాతం" అనొచ్చు గానీ, చదివే కానిస్టేబుల్‌కి అందులో తన సంగతి కనిపించదు. "నాకు ఎవరి మీదా పక్షపాతం లేదండీ" అంటాడు, నిజాయితీగానే. మీరేమంటారు?

– వివక్ష అంటే సరిపోదా?

– వివక్ష బయటికి కనిపించే పని. నాకు కావలసింది అంతకుముందు మనసులో జరిగే దానికి పేరు. (సంస్కృతంలో వివక్ష అంటే చెప్పాలనే కోరిక. మన దగ్గరికొచ్చి ఎంత మారిపోయిందో!)

– "ఎరుక లేని మొగ్గు" అనండి. త్రాసు మొగ్గుతుంది కదా, అలాగ.

– చాలా బాగుందండీ, ఇదే తీసుకుంటాను. ఆ మొగ్గు మన రిపోర్టుల భాషలోనే ఉందనిపిస్తోంది. "అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నాం" అని రాస్తారు. ఆస్పదం అంటే చోటు. అనుమానం పుట్టింది చూసినవాళ్ల మనసులో, కానీ ఈ మాట దాన్ని తీసుకెళ్లి ఎదుటి మనిషి నడకలో పెడుతుంది. "మూసి ఉన్న మూడు షట్టర్ల తాళాలు లాగి చూశాడు" అంటే అది అతను చేసిన పని. "అనుమానాస్పదంగా" కొట్టేశాక వాక్యంలో ఇంకేమీ మిగలకపోతే, అతన్ని ఆపింది బట్టలు చూసో, యాస వినో, రంగు చూసో అయ్యుండొచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ తనిఖీలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. సాయంత్రం ఒకే సమయాన్ని తీసుకుని, ఆ వేళకి ఇంకా వెలుతురున్న రోజులనూ అప్పటికే చీకటి పడిన రోజులనూ పోల్చారు. చీకట్లో ముఖం సరిగా కనిపించదు. అప్పుడు పోలీసులు ఆపినవాళ్లలో నల్లజాతి డ్రైవర్ల వాటా తగ్గింది.

– మరి "అనుమానాస్పద మృతి"?

– అక్కడ పేచీ లేదు. అనుమానం మరణం తీరు మీద, మనిషి మీద కాదు.

– పాఠంలో ఒక అభ్యాసం పెట్టండి. పాత రిపోర్టు ఇచ్చి, ఆ మాట తీసేసి, కంటితో చూసింది మాత్రమే రాయమనండి.

– పెడతాను. ముందు నేనే రెండు రిపోర్టులు అలా తిరగరాసి ఇక్కడ ఉంచుతాను, భాష ఎలా ఉందో చూడండి.