సికింద్రాబాద్ కంటోన్మెంట్ సివిల్ బస్తీలు కార్పొరేషన్లో కలవాలా, వద్దా?

పాతపటం:
2023లో హిమాచల్‌లోని ఖాస్ యోల్‌ను కంటోన్మెంట్, అంటే సైనిక దండు ప్రాంతం హోదా నుంచి తప్పించారు. అప్పటి నుంచి మన దగ్గరా ఇదే మాట నలుగుతోంది. నా ఓటు విలీనానికే. సికింద్రాబాద్ జనం కోసం వేసిన ఊరు కాదు. నిజాంతో 1798 ఒప్పందం మీద వచ్చిన ఈస్టిండియా కుంపిణీ పటాలాలకు హుస్సేన్‌సాగర్ ఉత్తరాన వేసిన మకాం. 1806లో నిజాం సికిందర్ జా పేరు తగిలించుకుంది. దొర బంగళాకు ఎకరాల ఆవరణ, సరుకులమ్మేవాడికి రెజిమెంటల్ బజారు సందు. 1857లో తుర్రేబాజ్ ఖాన్ హైదరాబాద్ బ్రిటిష్ రెసిడెన్సీ మీద పడ్డాక, ఆ భయంతోనే తర్వాతి దశాబ్దంలో తెల్ల పటాలానికి తిరుమలగిరిలో కందకం తవ్వారు. ఇవాళ్టికీ మన రోడ్లు ఆ గీతల మీదే నడుస్తున్నాయి.

బొల్లారం గాలి:
ఆ ఎకరాల ఆవరణల వల్లే కదండీ ఈ మాత్రం చెట్లు మిగిలాయి! కంటోన్మెంట్ హద్దు దాటి చూడండి, గోడకు గోడ ఆనించి ఐదంతస్తులు. విలీనమైతే ఇక్కడా అదే.

లష్కర్ పోరడు:
చెట్ల ముచ్చట తర్వాత. మిలిటరీ రోడ్లు మూస్తే చుట్టూ తిరిగేది మేమే. 2006 కంటోన్మెంట్ల చట్టం 258వ సెక్షన్ చదువున్రి. భద్రత కారణముండాలె, పబ్లిక్ నోటీసిచ్చి అభ్యంతరాలు తీసుకోవాలె. ముందు గేటు పెట్టి తర్వాత కాయితం రాస్తే ఎట్ల?

తారీఖులు:
1806 పేరు పెట్టిన ఏడు. దండు దిగింది అంతకు ముందే. రెండూ కలిపేయకండి.

పాతపటం:
సరే, ముందే. అసలు చిక్కు డబ్బు దగ్గర. కేంద్రం ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణ కింద ఆస్తిపన్ను లేదు. బదులుగా కంటోన్మెంట్‌ను నడిపే బోర్డుకు కేంద్రం నుంచి సర్వీస్ ఛార్జీలు రావాలి. అవి బకాయి పడితే బోర్డు ఉన్న డబ్బుతో ముందు జీతాలిస్తుంది, నాలా పూడిక మిగిలితే చూస్తుంది. వానాకాలంలో బస్తీలు మునిగేది అందుకే.

బొల్లారం గాలి:
కార్పొరేషన్ నాలాలు మునగవా? మీ బాధ నాలా కాదు లెండి. బంగళా స్థలాలు ఎప్పుడు అమ్ముడుపోతాయా అని చూస్తున్నారు.

పాతపటం:
మాటలు జాగ్రత్త! మా బజారు ఇంటి మీద ఒక్క గది వేస్తామంటే ఒక ఆఫీసు ప్లాను తిప్పి పంపింది. అమ్మేదెవరు, బంగళాలో ఉన్న మీరా, నేనా?

తారీఖులు:
ఇద్దరూ నేల మీదికి రండి. లష్కర్ బోనాలూ ఈ దండుతో ముడిపడ్డవే. పటాలంలో డోలీ మోసిన సురటి అప్పయ్య, 1813 కలరాకు ఉజ్జయినిలో మొక్కుకుని 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడని గుడి చరిత్ర.

గుమాస్తా:
పోట్లాడే ముందు జీఎల్‌ఆర్, అంటే జనరల్ ల్యాండ్ రిజిస్టర్ నకలు తీయండి. మూడు గడులు చాలు: భూమి తరగతి, ల్యాండ్‌లార్డ్, ఆక్యుపెన్సీ హక్కుదారు. తరగతి బీ-3, ల్యాండ్‌లార్డ్ భారత ప్రభుత్వం, హక్కు ఓల్డ్ గ్రాంట్ అని ఉంటే మీది కట్టడమే, నేల కాదు. ప్రభుత్వం నెల నోటీసిచ్చి, కట్టడం విలువ చెల్లించి వెనక్కి తీసుకోవచ్చు. సేల్ డీడ్ రిజిస్టరైందని మురిసిపోతారు గానీ, దాంతో నేల మీద హక్కు రాదు. మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు వెళ్ళినప్పుడు బయటపడుతుంది. విలీనంతోనూ ఇది మారదు. రోడ్లు, నాలాలు ఉచితంగా స్థానిక సంస్థకు వెళ్తాయి, వర్తించే చోట నేల టైటిల్ మాత్రం కేంద్రం దగ్గరే ఉంటుందని 2024 రక్షణ శాఖ మార్గదర్శకాలు.

బొల్లారం గాలి:
ఓల్డ్ గ్రాంట్‌కు చూపేది 1836 నాటి గవర్నర్ జనరల్ ఉత్తర్వు 179. అది బెంగాల్ సైన్యానికి ఇచ్చింది. ఇక్కడి నేల నిజాంది. ఏ లెక్కన వర్తిస్తుంది?

గుమాస్తా:
ఆ వాదన కోర్టులో చెప్పుకోవాలి. కానీ కోర్టులు జీఎల్‌ఆర్ నమోదును తేలిగ్గా పక్కన పెట్టవు.

లష్కర్ పోరడు:
అంటే బంగళాలోళ్ళు నేల పోతదని, బజారోళ్ళు గది రాదని కొట్లాడుతున్రు. మరి కిరాయికున్నోళ్ళ పేరు ఏ గడిల ఉంటది?

గుమాస్తా:
ఏ గడిలోనూ ఉండదు.