కూలెంట్ బాటిల్‌లో మీగడలా ఆయిల్: హెడ్ గ్యాస్కెటా, ఆయిల్ కూలరా?

కోదాడ మాస్టారు:

అందరికీ నమస్తే. నా కారు 2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. శనివారం పొద్దున వైపర్ నీళ్లు పోద్దామని బానెట్ ఎత్తితే, పచ్చగా ఉండాల్సిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) బాటిల్ గోధుమ రంగులో కనిపించింది. ఇంజిన్ చల్లగా ఉంది కాబట్టి మూత తీసి వేలు పెట్టాను. మీగడలా చిక్కటి జిడ్డు అంటుకుంది. వాసన చూస్తే ఇంజిన్ ఆయిలే.

టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే మధ్యలో ఉంటోంది. పొగ లేదు, స్టార్టింగ్ ఇబ్బంది లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా, శుభ్రంగానే ఉంది, తెల్లదనం లేదు. కానీ రెండు నెలల్లో లెవెల్ మాక్స్ గీత నుంచి సగానికి దిగింది. కారు కింద అట్ట పరిచి చూశాను, ఒక్క చుక్క కూడా పడలేదు.

మా వీధి చివరి మెకానిక్ బాటిల్ చూడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందన్నాడు. హెడ్ దించి ఫేసింగ్ కొట్టించాలి (దాని అడుగు చదును చేయించాలి), టైమింగ్ కిట్ కూడా మార్చాలి, 45,000 అవుతుంది, ఐదు రోజులు పడుతుంది అన్నాడు. ఇంకొకాయన రేడియేటర్‌లో లీకు ఆపే మందు పోసి నడుపుకోమన్నాడు. మా నాన్నగారిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి ఖమ్మం తీసుకెళ్లేది ఈ కారులోనే. మళ్లీ వెళ్లాల్సింది మంగళవారం. అప్పటివరకు నడపొచ్చా? ఎవరి మాట వినాలో తెలియక రెండు రోజులుగా టెన్షన్‌గా ఉంది.

బెజవాడ మెకానిక్:

మాస్టారూ, ముందు ఒక మాట. మంగళవారం నాన్నగారిని వేరే బండిలో తీసుకెళ్లండి. మీ కారు స్టార్ట్ చేయొద్దు.

నేను ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా డీజిల్ ఇంజిన్లే చూస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలు వింటే నా చేయి ముందు ఆయిల్ కూలర్ మీదకే పోతుంది. ఆయిల్ ఫిల్టర్ బిగించే హౌసింగ్ పక్కనే, అరచేతిలో పట్టే అల్యూమినియం దిమ్మ ఉంటుంది. అదే కూలర్. దాని లోపల పల్చటి రేకులు పొరలు పొరలుగా అతికి ఉంటాయి. ఒక పొరలో ఆయిల్, పక్క పొరలో కూలెంట్ పారతాయి. మధ్య రేకుకి చిన్న పగులు వచ్చినా, సీలు ఎండిపోయి గట్టిపడినా రెండూ కలుస్తాయి.

ఆయిల్ మాత్రమే కూలెంట్‌లోకి ఎందుకు వచ్చిందంటారా? బండి పరుగెత్తేటప్పుడు ఆయిల్ ప్రెషర్ మూడు నాలుగు బార్లు ఉంటుంది, కూలెంట్‌ది సుమారు ఒక బారు. ఎక్కువున్నది తక్కువున్న వైపు నెడుతుంది. అందుకే మీ డిప్‌స్టిక్ ఇంకా శుభ్రంగా ఉంది. కానీ ఇంజిన్ ఆపిన క్షణంలో ఆయిల్ ప్రెషర్ సున్నాకి పడిపోతుంది. వేడి తగ్గేదాకా కూలెంట్ ప్రెషర్ మాత్రం నిలిచి ఉంటుంది. పగులు కాస్త పెద్దదైతే అప్పుడు కూలెంట్ అదే దారిన ఆయిల్‌లోకి వస్తుంది. అది బేరింగుల దాకా పోతే మీ 45,000 కూడా సరిపోదు. నడపొద్దన్నది అందుకే.

హెడ్ గ్యాస్కెట్ పోయినా ఆయిల్ కలవొచ్చు, కాదనను. కానీ చూసి తేల్చుకోవాలి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒక నిమిషంలోపే రేడియేటర్ పై హోస్ పైపు రాయిలా బిగుసుకుందా, బాటిల్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నాయా, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తోందా? ఇవి మెకానిక్ దగ్గరే, ఆ ఒక్క నిమిషంలోనే చూడండి. గ్యాస్ పరీక్ష చేసే నీలం ద్రవం ఉంటే ఇంకా మంచిది, పొగ గ్యాస్ తగిలితే దాని రంగు మారుతుంది. పైన తేలే జిడ్డు తీసేసి, బాటిల్‌లోని నీరు ఆ ద్రవానికి తాకకుండా చేయాలి.

ఇవేవీ లేకపోతే కూలర్ విప్పించండి. కూలెంట్ వైపు దారులు తెరిచే ఉంచి, ఆయిల్ వైపు ఒక దారి మూసి రెండో దాంట్లో గాలి పెట్టి, వేడినీళ్ల టబ్బులో ముంచాలి. టైరు పంక్చర్ చూసినట్టే. మూడు బార్లు చాలు. నీళ్లు వేడిగానే ఉండాలి, కొన్ని పగుళ్లు చల్లగా ఉన్నప్పుడు నోరు తెరవవు. ఈ పని సగం రోజులో అయిపోతుంది. హెడ్ దించాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

లీకు మందు మాత్రం వద్దు. అది పగులు కంటే ముందు హీటర్ కాయిల్ సన్నటి దారులను మూసేస్తుంది.

కరీంనగర్ నుంచి:

అన్నా, నా అనుభవం కొంచెం వేరు. నా బండికి కూలర్ ముందు బంపర్ వెనక ఉంటుంది, చిన్న రేడియేటర్‌లా. గ్రానైట్ టిప్పర్ వెనక పోతుంటే రాయి ఎగిరి తగిలింది. ఆర్గాన్ వెల్డింగ్ పెట్టించిన, ఎనిమిది నెలలు ఆగింది. తర్వాత వెల్డింగ్ పక్కనే మళ్లీ కారింది. మాస్టారు గారి కూలర్‌కి వెల్డింగ్ అయితదా?

బెజవాడ మెకానిక్:

కాదు తమ్ముడూ. మీది బయట కనిపించే కూలర్. దాని చివర మందంగా ఉన్న ట్యాంకు దగ్గర పగిలితే వెల్డింగ్ నిలుస్తుంది. సన్నటి గొట్టం మీద పెడితే ఆ వేడికి పక్క లోహం బలహీనపడుతుంది, మీకు జరిగిందదే. మాస్టారు కారుది లోపల పొరల మధ్య పగులు, వెల్డింగ్ కడ్డీ అక్కడికి చేరదు. కొత్తది వేయాల్సిందే. సెకండ్‌హ్యాండ్ కూలర్ తీసుకోవద్దు, దాని లోపల ఎవరి ఇంజిన్ ఇనుప రజను దాక్కుందో మనకు తెలియదు.

సూర్యాపేట దారి:

మాస్టారు గారూ, కూలర్ మార్చాక కడగడం దగ్గర పొదుపు చేయకండి. పోయిన ఏడాది నాకు కూలర్ మార్చి, ఒక్కసారి నీళ్లు తిప్పి, కొత్త కూలెంట్ పోసి పంపారు. నాలుగు నెలల తర్వాత హైవే మీద కింది హోస్ పైపు బుడగలా ఉబ్బి పగిలింది. ఎండాకాలం మధ్యాహ్నం, కారులో చంటిబిడ్డ. కూలెంట్ పైపుల రబ్బరు ఆయిల్‌కి తట్టుకోదని, మెత్తబడి ఉబ్బుతుందని అప్పుడు తెలిసింది. పైపులన్నీ ఒక్కసారే మార్పించుకోండి.

బెజవాడ మెకానిక్:

ఈయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కడిగేటప్పుడు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) తీసేయమనండి, ఏసీ నాబ్ పూర్తి వేడి వైపు తిప్పమనండి, లేకపోతే హీటర్ కాయిల్‌లో జిడ్డు అలాగే ఉండిపోతుంది. ఆయిల్ కడిగే ఫ్లష్ ద్రవం దొరుకుతుంది. కాస్టిక్ సోడా, బాత్రూమ్ యాసిడ్ పోస్తామంటే ఒప్పుకోవద్దు, అల్యూమినియాన్ని తినేస్తాయి. నాలుగైదుసార్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. చివర్లో డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. బోరు నీళ్లు వద్దు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ శుభ్రంగా కనిపించినా మార్చేయండి. హౌసింగ్ బోల్టులు టార్క్ రెంచ్‌తోనే (బిగింపు కొలిచే పానా) బిగించాలి, అల్యూమినియం మరలు చేతి బలానికి ఊడిపోతాయి.

కోదాడ మాస్టారు:

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. కారును లాగించుకుని విజయవాడ తీసుకెళ్లాను. పై పైపు బిగుసుకోలేదు, గ్యాస్ పరీక్షలో రంగు మారలేదు. కూలర్ విప్పి వేడినీళ్లలో ముంచితే మొదటి నిమిషంలో ఏమీ లేదు. తర్వాత కూలెంట్ రంధ్రం దగ్గర ఆవగింజంత బుడగ, దాని వెనక ఇంకొకటి. ఆ బుడగలు చూసి నాకు కళ్లు చెమర్చాయి. హెడ్ ముట్టుకోనవసరం లేదని అర్థమైంది.

కొత్త కూలర్, సీళ్లు, నాలుగు హోస్ పైపులు, థర్మోస్టాట్, ఆయిల్, ఫిల్టర్, కూలెంట్, కూలీ అన్నీ కలిపి 17,600 అయింది. కడగడానికే ఒక రోజంతా పట్టింది. ఐదోసారి కూడా నీళ్ల మీద సన్నటి జిడ్డు తేలింది, ఆరోసారి పట్టుబట్టి కడిగించాను. బాటిల్ గోడలకు పట్టిన మరక పోలేదని దాన్నీ మార్చమన్నాను, లేకపోతే మళ్లీ లీకైనా నాకు తెలియదు కదా.

గురువు గారూ, మీరు ఆ మొదటి వాక్యం రాయకపోతే మంగళవారం అదే కారులో వెళ్లేవాణ్ని. ఇప్పటికి 420 కిలోమీటర్లు తిరిగాను. రోజూ పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బాటిల్‌లో తెల్ల కాగితం ముక్క ముంచి చూస్తున్నాను. పచ్చగానే వస్తోంది. 1,000 కిలోమీటర్లకు ఆయిల్ మళ్లీ మార్చాలా, లేక మామూలు సర్వీసు దాకా ఆగొచ్చా?

బెజవాడ మెకానిక్:

మీ ఆయిల్‌లోకి నీళ్లు రాలేదు కాబట్టి మామూలు సర్వీసు దాకా ఆగొచ్చు. కాగితం పరీక్ష ఇంకో నెల చేయండి. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.